నేను చూడని గంప

ధర్మపురి చింతపండు మండీల్లో పొద్దున్నే ఒక ఆనవాయితీ ఉండేది. కాటాకు కర్పూరం చూపించాక, ఆ రోజుకు మొదటి కాయను ఎవరో ఒకరు రాయి మీద పెట్టి, చిన్న ఇనుప గూటంతో ఒక్క దెబ్బ కొట్టాలి. ఆ దెబ్బ పడ్డాకే మిగతా ఆడవాళ్లు గూటాలు ఎత్తేవాళ్లు. ఎనభైలలో పెన్నాగరం రోడ్డు మీది ఒక మండీలో ఆ మొదటి దెబ్బ ఒక అమ్మాయిది. దాని వల్ల ఆమెకు రోజుకూలి దొరికేది. ఆ కూలిని నేను పోగొట్టాను. పొరపాటున కాదు. సభలో వాదించి, గెలిచి, అందరూ చూస్తుండగా పోగొట్టాను.

మూఢనమ్మకాల మీద కలం పట్టిన ప్రతిసారీ ఈ సంగతి గుర్తుకొచ్చింది. ప్రతిసారీ పక్కకు నెట్టాను. ఇప్పుడు రాస్తున్నానంటే ధైర్యం వచ్చిందని కాదు. ఆ అమ్మాయి తల్లికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. మా ఊళ్లో చాలామందికి అంతే. ఆమె దీన్ని ఎప్పటికీ చదవదన్న భరోసా నాకు ఉంది.

వాళ్ల ఇల్లు మా ఇంటికి ఎదురు. తల్లి మండీలో పిక్కలు తీసే పనికి పోయేది. భర్త పోయి చాలాకాలం. కూతురికి అప్పటికి ఇరవై ఆరేళ్లు. వీధి మొత్తానికి మాత్రం ‘పాప’. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఇరవై ఆరేళ్ల మనిషిని పాప అనడంలో ఏముందో అప్పట్లో నాకు తోచలేదు. ఆమె మాటలు పొట్టిగా, ముక్కలుగా వచ్చేవి. అయిదు దాటి లెక్కపెట్టలేదు. ఒకసారి చెబితే ఏదీ పట్టుబడదు. కానీ ఒకే పనిని ఒకే తీరులో పది రోజులు చూపిస్తే ఇక మరిచిపోయేది కాదు. ఈ చివరి సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

వీధిలో ఆడవాళ్లు ఆమెను పేరంటాలకు పిలవరు. ఊరికి బయలుదేరినవాడికి ఆమె ఎదురొస్తే వెనక్కి పోయి, అరుగు మీద కూర్చొని, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరతాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. బడిలో పాఠం చెప్పే గొంతుతోనే వీధిలో పోట్లాడేవాణ్ణి. ఆమెకు ఎక్కడైనా పని ఇప్పించాలని కూడా తిరిగాను. నూనె మిల్లు, నేత షెడ్డు, ప్రెస్సు, హోటలు. ప్రతిచోటా హక్కుల మీద ప్రసంగం చేశాను. ప్రతిచోటా టీ ఇచ్చి, అయ్యో పాపం అని పంపేశారు. ఉపాధి కార్యాలయంలో గుమాస్తా తల ఎత్తకుండానే, “చదివినోళ్లే సంవత్సరాల తరబడి వరసలో ఉండారు వాద్యారే. ఈ పాపను ఏ వరసలో నిలబెట్టేది?” అన్నాడు. అక్కడ బడిపంతుల్ని వాద్యారు అంటారు.

ఒక మాఘమాసంలో, చింతపండు కాలం మొదలైనప్పుడు, కూతుర్ని చూసుకునే పక్కింటి ముసలామె జబ్బుపడింది. తల్లి వేరే దారి లేక పాపను మండీకి తీసుకుపోయి మూల కూర్చోబెట్టింది. యజమాని కర్పూరం వెలిగిస్తున్నాడు. ఆయన కూడా తెలుగువాడే, నల్లంపల్లి దిక్కు భూములున్న రైతు. అందరూ ఆయన్ను తమిళంలో మొదలాళి అనేవాళ్లు. ఆయన హారతి కళ్లకు అద్దుకునే లోపల పాప తన తల్లి చేతి గూటం లాక్కొని ముందున్న కాయను టప్‌మని కొట్టేసింది. అపశకునం అని పేరుపడ్డ బిడ్డ అందరికంటే ముందు దెబ్బ కొట్టింది. ఆ మధ్యాహ్నమే సేలం నుంచి రెండు లారీలు వచ్చి ఉన్న సరుకంతా ఎత్తుకుపోయాయి. మొదలాళి పాప చెయ్యి చూసి, “దీనికి కైరాశి ఉండాది” అన్నాడు. అంటే చేతిలో అదృష్టం. మరునాటి నుంచి ఆమె రాకపోతే పని మొదలుపెట్టేవాడు కాదు.

మిగతా ఆడవాళ్లకు తూకం లెక్కన కూలి. పాపకు మాత్రం దినకూలి. మొదటి దెబ్బ కొట్టాక ఆమె ఊరికే కూర్చునేది కాదు. సాయంత్రం దాకా తల్లి పక్కన తన రాయి ముందు కూర్చొని పిక్కలు తీసేది. పొద్దున ఏడుకల్లా తల దువ్వించుకొని, టిఫిన్ క్యారియర్ పట్టుకొని వీధిలోకి వచ్చేది. ఇదివరకు ఆమె ఎదురొస్తే వెనక్కి పోయినవాళ్లు ఇప్పుడు ఆమె వచ్చే వేళ చూసుకొని బయలుదేరుతున్నారు.

తల్లి సంతోషంగా మా అరుగు దగ్గరికి వచ్చింది.

“చూసినారా వాద్యారే, పాపకు పని దొరికింది.”

“అది పని కాదక్కా, పూజ” అన్నాను.

ఆమె నవ్వింది. “పూజకైనా పిలిచినారు గదా. ఇన్ని దినాలూ దేనికీ పిలవలేదు.”

నేను అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. పైకి నేను చెప్పుకున్న కారణం సిద్ధాంతం. మొన్న అపశకునం అన్నదీ, ఇవాళ అదృష్టం అంటున్నదీ ఒకే రోగమని నా వాదం. ఆ వాదంలో ఇప్పటికీ తప్పు దొరకదు. లోపలి కారణం మాత్రం వేరు. రెండేళ్లు నేను తర్కంతో తట్టిన తలుపులు ఒక్కటీ తెరుచుకోలేదు. ఒక కర్పూరం బిళ్ల ఒక్కరోజులో తెరిచింది. ఓడిపోయింది నేను. ఆ ఓటమి నాకు మింగుడుపడలేదు.

ఆ ఫాల్గుణంలో మా హేతువాద సంఘం తరఫున బస్టాండు దగ్గర సాయంకాలం చర్చాసభ పెట్టాం. అదృష్టం ఉందా లేదా అన్నది విషయం. ఉందని వాదించడానికి మంచి గొంతున్న జ్యోతిష్కుడు ఒకాయన వచ్చాడు. లేదని నేను. తమిళంలో అరగంట మాట్లాడాను. చివర్లో చేతి రాశి దగ్గరికి వచ్చాను. “మన ఊళ్లో ఒక మండీ ఉంది. అక్కడ ఒక చెయ్యి తగిలితే లారీలు వస్తాయట. అదే చెయ్యి నిన్న కూడా తగిలింది, మొన్న కూడా తగిలింది. మరి పోయిన వారం ధర ఎందుకు పడిపోయింది? చెయ్యి సెలవు పెట్టిందా?” అన్నాను. జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు నాకు ఇష్టంగా ఉంది. ఏ మండీయో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు.

మొదలాళి ఆ సభలోనే, సోడా కొట్టు పక్కన నిలబడి ఉన్నాడు. తోటి వర్తకుడొకడు ఆయన భుజం తట్టి, “ఏమప్పా, మీ దేవతను వాద్యారు పల్లకీ నుంచి దించేసినాడే” అంటే చుట్టుపక్కల వాళ్లు మళ్లీ నవ్వారు. ఆయన సోడా సగంలో పెట్టి వెళ్లిపోయాడు.

మరునాడు ఆదివారం. పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. అరుగు మీద కూర్చొని తుండుతో ముఖం తుడుచుకున్నాడు.

“నిన్న మీరు చెప్పింది రాత్రంతా తలచినాను వాద్యారే. న్యాయమే. ఇంక మా మండీలో రాశీ గీశీ లేదు.”

నేను ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

“సరే గాని,” అన్నాడాయన, “ఆ పాప కూలి ఎట్ల? రాశి కోసరం దినకూలి ఇస్తా ఉంటిని.”

ఎదురింటి గడపలో పాప కూర్చొని మమ్మల్నిద్దరినీ చూస్తోంది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అందరి మాదిరే. తూకం. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. అదే సమానత్వం.”

“మీరు చెప్పినట్లే” అని లేచి వెళ్లాడు. ఆ పూట నేను మా సంఘం మిత్రులకు ఉత్తరం రాశాను. ఒక వర్తకుణ్ణి మార్చానని గర్వంగా రాశాను. అందులో పాప ప్రస్తావన ఒక్క వాక్యం.

తూకం మొదలైంది. మిగతావాళ్లు రెండు గంపలు దించే వేళకు పాప ఒక గంప కూడా నింపేది కాదు. ఒక్కో కాయను తిప్పి తిప్పి చూసి, పిక్క తీసి, ఈనె లాగి, అరచేతిలో తుడిచి వేసేది. కాలం జోరు మీద ఉంది. మండీలో పని రాళ్లు ఇన్నే అని లెక్క. ఒక్కో రాయి కోసం బయట ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కాచుకొని ఉండేవాళ్లు. రెండో వారం ఆమె రాయిని ఇంకొకరికి ఇచ్చేశారు. గుమాస్తా ఆమెతో, “రేపు రావద్దులే పాపా” అన్నాడట.

ఆమె మరునాడు పోలేదు. ఆ మరునాడు పోయింది. రేపు అన్న రోజు అయిపోయింది కదా. మళ్లీ అదే మాట చెప్పి పంపారు. మళ్లీ ఒక రోజు ఆగి పోయింది. అలా రోజు విడిచి రోజు క్యారియర్‌తో మండీ గేటు దగ్గర నిలబడేది. తల్లి లోపల పని వదిలి వచ్చి, ఆమెను ఇంట్లో వదిలి, మళ్లీ పరుగున పోయేది. చివరికి తల్లి రాయి కూడా పోయేట్టు ఉందని గుమాస్తా హెచ్చరించాడు.

ఒక సాయంత్రం తల్లి వచ్చింది. ఈసారి అరుగు కింద నిలబడింది.

“ఒక్క మాట అడిగేదానికి వచ్చినాను. మొదలాళి మీ మాట వింటాడు. పాపకు కైరాశి ఉండాదని చెప్పండి. లేదని చెప్పినారు గదా, ఉండాదని చెప్పేదానికేం కష్టం?”

“లేనిది ఉందని ఎట్ల చెప్పేదక్కా?”

“సభలో చెప్పొద్దు. ఆయన చెవిలో చెప్పండి చాలు.”

“అబద్ధం ఎక్కడ చెప్పినా అబద్ధమే.”

“సరే వాద్యారే. మీ నిజం మీ దగ్గరే ఉండనీ. పగలంతా పాపను నేను ఎక్కడ ఉంచేది, అది చెప్పండి.”

నా దగ్గర ఉన్నది ఉపన్యాసం ఒక్కటే. దాన్నైనా ఆ రోజు మింగాను. మరునాటి నుంచి ఆమె కూతుర్ని లోపల ఉంచి, బయట తాళం వేసి పనికి పోవడం మొదలుపెట్టింది.

బడి సెలవు రోజుల్లో నేను ఇంట్లో కూర్చొని రాసుకుంటుంటే ఎదురింటి నుంచి పొద్దున ఒక చప్పుడు వినిపించేది. రోకలితోనో దేనితోనో నేల మీద ఒక్క దెబ్బ. తర్వాత ఏమీ ఉండదు. మొదట అర్థం కాలేదు. మండీలో కర్పూరం వెలిగించే వేళ అదేనని తట్టాక కలం పక్కన పెట్టాను. మా అరుగు మీది నుంచి ఆ తాళం కనిపిస్తుంది. ఆ రోజుల్లో నేను అరుగు మీద కూర్చోవడం మానేశాను.

చివరికి మొదలాళి దగ్గరికి పోయాను. అబద్ధం చెప్పడానికి కాదు. మానవత్వం మీద మాట్లాడటానికి. తక్కువ పనైనా దినకూలి ఇవ్వమని, సమాజానికి బాధ్యత ఉంటుందని చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

“నేను రాశి అంటిని, మీరు వద్దంటిరి. తూకం అంటిరి, సరే అంటిని. ఇప్పుడు దయ అంటాండారు. దయ చేసేదానికి గుడి ఉండాది వాద్యారే. మండీలో కాటా ఉండాది.” పాపకు ఆ కాటా ఎవరు పెట్టించారో ఆయన అనలేదు. అంత మర్యాద ఉన్న మనిషి.

ఆ కాలం అట్లే గడిచిపోయింది. పాపకు ఒక ఏడు పోయింది. ఆ ఏడు నేనెన్ని వ్యాసాలు రాశానో గుర్తులేదు.

మరుసటి ఏడు మళ్లీ చింతపండు వచ్చింది. మండీలో హరూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక అవ్వ ఉండేది. నడుము వంగిపోయింది, నోట్లో ఎప్పుడూ పొగాకు. పాప పని చేసిన రోజుల్లో ఆమె రాయి పాప రాయికి ఎదురుగా ఉండేది. ఒక శనివారం మధ్యాహ్నం ఆ అవ్వ మా బడి గేటు దగ్గరికి వచ్చి నన్ను పిలిపించింది.

“నువ్వేనా సభలో అరిచిన వాద్యారు?”

“నేనే అవ్వా.”

“రా. నువ్వు చెడగొట్టినావు, నువ్వు కూడా చూడు.”

ఆమె వెనక నడిచాను. మండీలో మొదలాళి దిగులుగా కూర్చొని ఉన్నాడు. సేలం వర్తకుడు ఒక లారీ సరుకు తిప్పి పంపాడు. పండులో పెంకు ముక్కలు, పిక్కలు ఎక్కువగా ఉన్నాయని. తూకం కోసం పరుగెత్తే చేతులు పెంకుతో సహా గంపలో వేస్తాయి. పెంకు కూడా బరువే కదా. అవ్వ రెండు గంపలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“చెయ్యి పెట్టు.”

ఆయన మొదటి గంపలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాడు. పెంకులు, నాలుగు పిక్కలు. రెండో గంపలో పెట్టాడు. వేళ్లతో విప్పి చూశాడు. మళ్లీ అడుగు నుంచి తీశాడు. ఏమీ లేదు. పండు ఒక్కటే.

“ఇది ఎవరు చేసింది?”

“నీ కైరాశి పాప. పది దినాలుగా పొద్దుగూకినాక దానింట్లో కూర్చొని చేయిస్తాండా. రాశి లేదని వాద్యారు చెప్పినాడు గదా. పోనీ, కండ్లు ఉండాయి, చూడు.”

ఆయన నా వైపు చూశాడు. నేను గంప వైపు చూశాను.

నిరూపించు అన్నది నా జీవితంలో నేను ఎక్కువసార్లు పలికిన మాట. పూజారిని అడిగాను, జ్యోతిష్కుణ్ణి అడిగాను, ఉత్త చేతిలోంచి విబూది తీసేవాణ్ణి చెయ్యి పట్టుకొని అడిగాను. ఆ అమ్మాయికి పని వచ్చా రాదా అన్నదానికి సాక్ష్యం ఆమె ఒడి ముందే, ఒక గంపలో ఉంది. ఆమె చేతికి రాశి ఉందని మొదలాళి నమ్మాడు. లేదని నేను నమ్మాను. ఇద్దరం ఆ చెయ్యి గురించే వాదించాం. ఆ చెయ్యి ఏం చేసిందో వంగి చూసింది పొగాకు నమిలే అవ్వ ఒక్కతే. నేను ఆ మండీకి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఒక్కసారైనా ఆమె గంపలో చెయ్యి పెట్టలేదు.

అవ్వే పని కూడా చెప్పింది. “దాన్ని కొట్టమనొద్దు. కాటా పక్కన కూర్చోబెట్టు. ఎవరి గంపైనా తూచేముందర దాని చేతి మీదుగా పోనీ. పెంకు ఉంటే అది తీసి పెడతాది. తూకం కాదు, దినకూలి. నీ సరుకు తిరిగి రాదు.”

“తక్కినవాళ్లు ఊరుకుంటారా?”

“ఊరుకోరు. నన్ను తిడతారు. నాకు చెవుడు గదా.”

ఆమెకు చెవుడు లేదని మా ఇద్దరికీ తెలుసు. మొదలాళి నవ్వి, ఒక వారం చూద్దామన్నాడు.

ఆ వారం, దాని తర్వాతి వారం అవ్వ తన రాయిని కాటా దగ్గరికి జరుపుకుంది. పాపకు ఎడమ వైపు పెంకులకు డబ్బా, ముందు పిక్కలకు ఎర్ర గుడ్డ, కుడి వైపు మంచి పండుకు గంప. రోజూ అదే చోటు. ఒకరోజు గుమాస్తా డబ్బాను కాళ్లకు అడ్డమని కుడి వైపు పెడితే పాప చేతులు ఆగిపోయి, ఏడుపు మొదలైంది. అవ్వ లేచి డబ్బాను ఎడమ వైపు పెట్టి, నేల మీద సుద్దతో చుట్టూ గీత గీసింది. ఆ తర్వాత డబ్బాను ఎవరూ జరపలేదు. తన పని తాను చేసుకుంటూనే, తూకం తగ్గించుకొని, అవ్వ ఇదంతా చేసింది. మూడో వారానికి తన రాయిని పాత చోటికి జరుపుకుంది. పాప గమనించినట్టు కూడా లేదు.

నేను సెలవు దినాల్లో పోయి నిలబడేవాణ్ణి. చేయగలిగిందేమీ లేదు. ఒకరోజు పొద్దున్నే పోయాను. మొదలాళి కర్పూరం వెలిగించాడు. నన్ను చూసి కాస్త తడబడ్డాడు. తర్వాత తల వంచి, చిన్నగొంతుతో, “పాపా, ఒకటి కొట్టు” అన్నాడు. ఆమె గూటం ఎత్తి, టప్‌మని ఒక్క దెబ్బ కొట్టి, తన డబ్బా దగ్గరికి పోయి కూర్చుంది. నేను అటు తిరిగి చెప్పులు వేసుకున్నాను. దాని మీద ఏ సభలోనూ మాట్లాడలేదు.

తల్లి నాతో మాట్లాడటం మానలేదు. ఎదురుపడితే బాగున్నారా వాద్యారే అనేది. కానీ మా అరుగు దగ్గరికి మళ్లీ రాలేదు. తాళం మాత్రం పోయింది.

పాప అలా కాదు. ఆమెకు కోపం తెలియదు. ఆ ఆదివారం మొదలాళి మా అరుగు మీద కూర్చొని నన్ను అడగడం, నేను చెప్పడం, ఆయన సరే అని పోవడం గడపలో కూర్చొని చూసింది. ఆ తర్వాతే రాయి పోయింది. మాటలు అర్థం కాకపోయినా ఆమె లెక్క తప్పలేదు. తన పని ఎవరి చేతిలో ఉందో ఆమెకు తెలుసు. అందుకని పని మళ్లీ దొరికాక, రోజూ సాయంత్రం క్యారియర్‌తో తిరిగొచ్చేటప్పుడు నేను కనిపిస్తే ఆగేది.

“రేపు రావల్లా?”

“రావల్ల పాపా.”

తల ఊపి ఇంట్లోకి పోయేది. మరునాడు మళ్లీ. అవ్వను అడగదు, మొదలాళిని అడగదు, నన్నే. నువ్వు రోజూ పోవచ్చు, నన్ను అడగనక్కర్లేదు అని చాలాసార్లు చెప్పాను. వింటుంది. మరునాడు అదే ప్రశ్న. నాలుగేళ్లు అలా జరిగింది. చింతపండు లేని నెలల్లో మొదలాళి ఆమెకు గోదాములో గోనెసంచులు చూసే పని ఇచ్చాడు. చిరుగు ఉన్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. అప్పుడు కూడా అడిగేది. వానలో కూడా, క్యారియర్ తల మీద పెట్టుకొని, నేను తలుపు తీసేదాకా నిలబడి అడిగేది.

నాకు హరూర్ బడికి బదిలీ అయింది. సామాను బండికి ఎక్కించిన సాయంత్రం ఆమె మండీ నుంచి వచ్చింది. బండిని చూసింది, ఖాళీ అరుగును చూసింది.

“రేపు రావల్లా?”

“రావల్ల పాపా” అన్నాను. “రోజూ రావల్ల.”

రోజూ అన్న మాట ఆమెకు చాలలేదని ముఖంలోనే తెలిసింది. ఆమెకు కావలసింది ఒక్క రేపు. ఆ ఒక్క రేపటికే తల ఊపి లోపలికి పోయింది. మరునాటి సాయంత్రం ఆ ఖాళీ అరుగు ముందు ఆగిందో లేదో, ఆగి ఉంటే ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. కనుక్కోవడానికి హరూర్ నుంచి ధర్మపురికి గంటకో బస్సు ఉంది. నేను ఎక్కలేదు.